మోకాలి కింద రాయి

ఎముకలు కడిగేటప్పుడు మాట్లాడకూడదని ఎక్కడా రాసి లేదు. కాకపోతే తుంపర మాట్లాడేది ఎముకలతోనే. "ఇటు తిరుగు తల్లీ, చెవి వెనక మట్టి ఉండిపోయింది" అంటుంది పుర్రెతో. "అబ్బ, ఏం పళ్లయ్యా నీవి, ఒక్కటైనా సరిగ్గా తోమావా?" అంటుంది దవడతో. వినేవాళ్లకి నవ్వొస్తుంది గానీ ఆమె మాత్రం నవ్వదు. తవ్వకాల ఆఫీసులో చేరిన మొదటి రోజు బ్రష్షు విదిలించి ఎముకల మేడం కళ్లజోడు నిండా నీళ్లు చిమ్మింది. "ఎక్కణ్ణించి పట్టుకొచ్చారయ్యా ఈ తుంపరని!" అని మేడం అరిచింది. అంతే, ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు.

ఆమె గదిలో రెండు తొట్లు, సన్నధార కుళాయి, మెత్తటి పళ్ల బ్రష్షులు, వెదురు పుల్లలు, గోడ పొడుగునా జల్లెడ పళ్లేలు పరిచిన ఆరబెట్టే బల్ల. ఎముకని నానబెట్టకూడదు. ఎండలో పెట్టకూడదు. గోరు తగలనివ్వకూడదు. ఏ గొయ్యి, ఏ పొర అని పెన్సిల్‌తో రాసిన చీటీ ఎముకని వదిలి క్షణం కూడా ఉండకూడదు. మూడు నెలల్లో తుంపర వీటిలో ఒక్కటీ తప్పలేదు. ఎముకల విషయంలో. రాళ్ల సంగతి వేరు, అక్కడికి వస్తాం.

సోమవారం పొద్దున పద్నాలుగో గొయ్యి ఎడమ కాలు ఆమె చేతికొచ్చింది. రోడ్డు వేయడానికి నేల చదును చేస్తుంటే బయటపడిన పాత శ్మశానం అది, పదమూడు వందల ఏళ్ల కిందటిది. మొత్తం ఇరవై మూడు గోతులు. ఇరవై రెండింటిలో మనుషులు వెల్లకిలా, కాళ్లు బారజాపుకుని, బడిపిల్లల్లా బుద్ధిగా పడుకున్నారు. పద్నాలుగు మాత్రం కాస్త పక్కకి ఒరిగి, ఎడమ కాలు మడుచుకుని ఉంది. గొయ్యి కూడా తిన్నగా లేదు, ఎడమ పక్కన పొట్ట పెరిగినట్టు ఉబ్బి ఉంది. అది చూసే డైరెక్టరు గారు ప్రదర్శనకి అట్ట మీద వాక్యం కూడా రాసేశారు: "వెలి పడిన మనిషి. తోటివారిలా గౌరవంగా కాక, అడ్డదిడ్డంగా తవ్విన గోతిలో కుక్కి పూడ్చారు." శనివారం ప్రదర్శన. మూడో అద్దాల పెట్టె పద్నాలుగుది.

ఆ ముందు రోజే, అంటే శుక్రవారం, తుంపర మూడు నెలల గడువు అయిపోతుంది. ఆమెని ఉంచుతారా, పంపేస్తారా అన్న కాగితం డైరెక్టరు గారి బల్ల మీదే ఉంది. ఈ పని ఆమెకి నచ్చింది. ఇంతకుముందు చేసిన ఏ పనీ ఇలా నచ్చలేదు, అదీ భయం.

సంచి విప్పింది. తొడ ఎముక, కాలి ఎముక, మధ్యలో మోకాలి చిప్ప, మూడు రావాలి. ఒక్కటే వచ్చింది. పుల్లతో మట్టి తీసుకుంటూ పోయింది. తొడ ఎముక కాలి ఎముకలోకి కలిసిపోయి, చిప్ప పైన అతుక్కుపోయి, మొత్తం ఒకే ముక్కగా వంగి ఉంది. "అమ్మమ్మమ్మ! ఎంత బాధ పడ్డావే తల్లీ!" అని పైకే అనేసింది.

మేడం వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, ఎముకని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"పాతికేళ్ల వయసులో దెబ్బ తగిలి ఉంటుంది. చీము పట్టి, మెల్లిగా మానింది. మానేటప్పుడే ఇలా అతుక్కుంది. ఆడమనిషి, పోయేటప్పటికి యాభై దాటింది."

"అంటే పాతికేళ్లు ఈ కాలుతోనే?"

"పైనే. భుజాలు చూడు, మణికట్టు చూడు. కూర్చుని బాగా పనిచేసిన చేతులు."

గుమ్మంలోంచి డైరెక్టరు గారి గొంతు వినిపించింది. మనిషి చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా మట్టిలో మోకాళ్లరగదీసుకున్నవాడు, ఎవరి వస్తువూ పోనివ్వడు, ఎవరి తప్పూ ఊరికే వదలడు. అంతా విని తల పంకించారు.

"ఇంకేం! కుంటిది కాబట్టే వెలి వేశారు. నా వాక్యానికి ఇంకా బలం వచ్చింది."

"బతికినన్నాళ్లూ ఎవరో చూసుకున్నారు కదా సార్, లేకపోతే..." అంది మేడం.

"చూసుకున్నారో, పని చేయించుకున్నారో. పోయాక మాత్రం పీడా వదిలిందని తోసేశారు. ఎముకలు నువ్వు చూడు, గొయ్యి నేను చూస్తాను. గొయ్యి అబద్ధం చెప్పదు."

ఆయన వెళ్లిపోయారు. మేడం దగ్గర ఎముకలు తప్ప ఇంకో సాక్ష్యం లేదు. తుంపరకి మాత్రం ఒళ్లు మండిపోయింది. పీడా అట, పీడా! కుళాయి గట్టిగా తిప్పేసరికి నీళ్లు మళ్లీ ఆవిడ కళ్లజోడు మీదే పడ్డాయి.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అత్త, మొగుడి తల్లి, కిటికీ దగ్గర గొడుగుల మధ్యలో కూర్చుని ఉంది. విరిగిన ఊచలు ఒడిలో, సూది నోట్లో. ఆ వీధిలో చిరిగిన గొడుగు ఏదైనా ఆ కిటికీకే వస్తుంది. గొడుగులే వస్తాయి, అత్త మాత్రం ఎక్కడికీ వెళ్లదు. ఎడమ మోకాలు పదేళ్లుగా వంగిందే వంగినట్టు ఉంది, చంకకర్ర లేకుండా అడుగు పడదు. "జనం ముందు కాలు చూస్తారు, ఆనక మొహం చూస్తారు. నా మొహం అంత తీసిపోయిందా ఏంటే?" అంటుంది. వీధి చివరి దాకా వెళ్లి కూడా ఎన్నాళ్లయిందో.

పని అయ్యాక నడుం వాల్చడం అత్తకి అలవాటు. తుంపర పాత దుప్పటి చుట్ట చుట్టింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ రోజూ చేసే పనే. చుట్ట ఎత్తు ఎక్కువైతే తుంటి లాగుతుంది, తక్కువైతే మోకాలు సలుపుతుంది. పక్కన నాలుగు వేళ్లు నిలబెట్టి కొలిచి, కాలెత్తి కింద పెట్టింది.

"ఎత్తు సరిపోయిందా అత్తా?"

"సరిపోతే నీకు చెప్పనా? ఇంకాస్త లోపలికి. చిప్ప కింద కాదే, మడత కింద. ఆ. ఎముకలు కడిగి కడిగి బతికున్నవాళ్ల కాళ్లు మర్చిపోయావు."

ఇన్నేళ్లలో అత్త నోట "సరిపోయింది" అన్న మాట రాలేదు. రాదని తుంపరకీ తెలుసు, అయినా అడుగుతుంది. పక్కనే కూర్చుని పద్నాలుగు సంగతంతా చెప్పింది. పీడా వదిలిందని తోసేశారట అనేసరికి అత్త మోచేతుల మీద సగం లేచింది.

"ఎవడే ఆ మాటన్నది? వాడేమైనా వెళ్లి చూశాడా?"

"గొయ్యి చూశారట. చుట్ట కదులుతోంది, పడుకో."

చుట్టని మళ్లీ లోపలికి నెడుతూ ఉండగా తుంపరకి ఆఫీసులోని పటం గుర్తొచ్చింది. పద్నాలుగో గొయ్యి పటం నకలు పళ్లేనికి అంటించి ఉంది, పొద్దుటి నుంచీ కళ్లముందే ఉంది. అందులో ఆ వంగిన కాలి కింద, సరిగ్గా మడత కింద, గుండ్రంగా ఒక గీత ఉంది.

మంగళవారం టీ వేళకి పటాలాయన దగ్గరికి వెళ్లింది. గోతుల్ని కొలిచి, గీసి, ఫొటోలు తీసే మనిషి ఆయన. గులకరాయిని కూడా వదలకుండా గీస్తాడని అందరూ ఆటపట్టిస్తారు.

"ఇదేంటండీ, ఈ గుండ్రం?"

"రాయి. కాలి ఎముకలతో పాటు దాన్ని కూడా చీటీ కట్టి నీకే పంపా. నువ్వే పారేశావు కదా, పుస్తకంలో సంతకం కూడా పెట్టావు."

పారేసినవాటి పుస్తకం తీసి చూపించాడు. మూడు వారాల కిందటి తేదీ. సంచులు విప్పి, ఎన్ని వచ్చాయో సరిచూసుకున్న రోజు, ఎముకలు ఇంకా మట్టిముద్దల్లోనే ఉన్నాయి. గుండ్రటి చక్కటి దస్తూరీతో: "పద్నాలుగు. రాయి ఒకటి. పారేశాను." కింద ఆమె సంతకం.

తుంపర పుస్తకం మూసి ఇచ్చేసింది.

నిజానికి ఆ రాయిని పారేయలేదు. పారేసి ఉంటే ఇంత భయం లేదు, మామూలు రాళ్లు పారేయడం పద్ధతే. ఆ రోజు ఆరబెట్టే బల్ల ఊగుతోంది. నాలుగు కాళ్లలో ఒకటి అడుగున విరిగి కురచ. ఊగినప్పుడల్లా పళ్లేల్లో వేలి ఎముకలు దొర్లిపోతున్నాయి. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేసే దిక్కు లేదు. అప్పుడే ఆ రాయి కడిగింది. చదునుగా, నున్నగా, పైన చిన్న గుంటతో ఉంది. బల్ల కాలి కింద పెట్టి చూస్తే, కొలిచి చేసినట్టు కాలు ఆ గుంటలో కూర్చుంది. బల్ల ఊగడం మానేసింది. చీటీ ఉన్న వస్తువుని దేనికీ వాడకూడదన్నది ఇక్కడ అన్నిటికన్నా పెద్ద నియమం. అందుకని పుస్తకంలో పారేశానని రాసి, చీటీ తీసి చెత్తలో వేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

గదిలోకి వచ్చి, బ్రష్షు పడిపోయినట్టు నటించి వంగి చూసింది. రాయి అక్కడే ఉంది. పైన బల్ల మీద పద్నాలుగు ఎడమ కాలు ఆరుతోంది.

ఇంట్లో మొగుడితో చెప్పింది. బేకరీ వ్యాను నడిపే మనిషి, గొడవంటే ఆమడ దూరం. విని రెండు చేతులూ జోడించాడు.

"నీకు పుణ్యముంటుంది, శుక్రవారం దాకా నోరు కట్టేసుకో. కాగితం చేతికొచ్చాక చెప్పు."

"శనివారానికి ఆ అట్ట జనం చదివేస్తారు."

"చదవనీ. ఆవిడ పోయి పదమూడు వందల ఏళ్లయింది. ఇప్పుడు వచ్చి నిన్ను అడుగుతుందా?"

అత్త కిటికీ దగ్గర్నించి అంతా వింటూనే ఉంది. ఊచకి తీగ చుట్టడం ఆపలేదు. తుంపర దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"నువ్వేమంటావు అత్తా?"

"నేనేమంటాను? ఉద్యోగం నీది. పోతే గొడుగులు నేర్పుతాను, నీ చేతికి రాదనుకో." తీగ పళ్లతో కొరికి తెంపింది. "ఒక్క మాట మాత్రం విను. చెప్పదలుచుకుంటే, మా అత్తకీ ఇలాగే కాలు, మా అత్తకీ ఇలాగే బాధ అని నన్ను అడ్డం పెట్టుకుని జాలి అడుక్కోకు. నా పరువు తీయకు. రాయి చూపించు, చాలు."

బుధవారమంతా తుంపర కాలు గాలిన పిల్లిలా తిరిగింది. రెండుసార్లు మేడం గది గుమ్మం దాకా వెళ్లి, ఏంటని అడిగితే నీళ్లు నమిలి వెనక్కి వచ్చింది. ఎముకలతో కూడా మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదా అని పటాలాయన అడిగాడు. మధ్యాహ్నం అచ్చయిన అట్టలు వచ్చాయి. మూడో పెట్టెది గోడకి ఆనించి పెట్టారు, ఆమె బల్లకి ఎదురుగా. నీళ్లు మార్చడానికి లేచినప్పుడల్లా పెద్దపెద్ద అక్షరాలు కనిపిస్తున్నాయి: "వెలి పడిన కుంటి స్త్రీ." కుంటి అన్న ఆ కొత్త మాట ఆమె కడిగి ఇచ్చిన ఎముక వల్లే చేరింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున తలుపు తీయగానే మేడం దగ్గరికి వెళ్లి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. రాయి, గుంట, బల్ల, పుస్తకం, చీటీ.

"బల్ల కింద?" అంది మేడం.

"అవును మేడం."

"నా బల్ల కింద! మూడు వారాలుగా నేను దాని మీద మోచేతులానించి... పారేశానని అబద్ధం రాసి... ఏమనాలి నిన్ను? చెప్పు, ఏమనాలి?"

ఆవిడ తిట్లు మొదలుపెడితే అంత తొందరగా ఆగవు. తుంపర తల వంచుకుని, ఒకటీ కింద పడనివ్వకుండా అన్నీ తీసుకుంది. చివరికి ఆవిడే అలిసిపోయి, "నిలబడ్డావేం? పళ్లేలు దించు" అంది.

పళ్లేలు ఇరవై ఆరు. ఒక్కోదాన్నీ రెండు చేతులతో, చీటీ కదలకుండా, నేల మీద పరిచిన దుప్పట్ల మీద దించారు. ఖాళీ బల్లని పటాలాయన పైకెత్తి పట్టుకుంటే తుంపర చేయి పెట్టి రాయిని బయటికి లాగింది. బల్ల మళ్లీ టకటకా ఊగింది.

మేడం రాయిని దీపం కిందికి తీసుకుపోయింది. వేలితో గుంట తడిమింది. భూతద్దం తీసింది. మొహంలో కోపం ఎప్పుడు పోయిందో తుంపరకి తెలియలేదు.

"ఇది తనంతట తాను పడిన గుంట కాదు. ఉలి దెబ్బలు. చూడు, సన్నగా, వరసగా. ఎవరో కూర్చుని ఓపిగ్గా చెక్కారు."

ఇసుక నింపిన పళ్లెంలో రాయిని పెట్టింది. కాలి ఎముకని రెండు చేతులతో తెచ్చి రాయి మీద ఆనించింది. అది ఒక పక్కకి ఒరిగింది. ఇంకోలా పెట్టింది. నిలవలేదు.

"అలా కాదు మేడం," అంది తుంపర. "ఇంకాస్త లోపలికి. చిప్ప కింద కాదు, మడత కింద."

మేడం పక్కకి జరిగింది. తుంపర చేతులు తుడుచుకుని, రోజూ సాయంత్రం పట్టుకున్నట్టే కాలు పట్టుకుని, కాస్త ఎత్తి, లోపలికి జరిపి వదిలింది. ఎముక గుంటలో కూర్చుంది. వేలితో తట్టినా కదల్లేదు.

డైరెక్టరు గారు వచ్చి మొదట పుస్తకం అడిగారు. ఆమె రాసిన వాక్యం చదివారు, రాయి చూశారు, మళ్లీ వాక్యం చదివారు. అప్పుడు ఒంటికాలి మీద లేచారు.

"పారేశానని నువ్వే రాశావు. చీటీ లేదు. బల్ల కింద నుంచి ఒక రాయి తీసి ఇదే అది అంటే నేను నమ్మాలా? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను? నా దగ్గర పనిచేసే ఆమె అబద్ధం రాసింది గానీ ఇప్పుడు నిజం చెప్తోంది, నమ్మండి బాబూ అనా?"

తన దస్తూరీయే తుంపర నోరు మూయించింది. ఉద్యోగం సరే, అది పోయిందని ఆ క్షణానే ఖాయం చేసుకుంది. కానీ రాయి కూడా పోయింది. అది ఆ గోతిలో రాయేనని చెప్పాల్సిన చీటీని తన చేత్తోనే చెత్తలో వేసింది, ఇంక ఆ గోతిలో మనిషికి సాక్ష్యం చెప్పేవాళ్లే లేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు పటాలాయన. గట్టిగా మాట్లాడడం ఆయనకి అలవాటు లేదు. పెద్ద పటం తెచ్చి విప్పాడు. "నేను గులకరాళ్లు కూడా గీస్తానని అందరూ నవ్వుతారు. చూడండి."

పటంలో ఆ గుండ్రం లోపల, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి, వంకరగా ఒక సన్న గీత ఉంది. మధ్యలో రెండుగా చీలింది. తవ్విన రోజే ఫొటో కూడా తీశాడు. మట్టిలో సగం మునిగిన రాయి, దాని మీద తెల్లటి చార, మధ్యలో చీలిక. మేడం మాట్లాడకుండా రాయిని తిప్పి పక్కన పెట్టింది. అదే చార. అదే చీలిక.

డైరెక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు భూతద్దంతో ఒకసారి ఫొటో, ఒకసారి రాయి చూశారు.

"ఆ మట్టిలో ఇలాంటి రాయి ఇంకోటి లేదు," అన్నారు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇది ఏటి రాయి. ఎక్కణ్ణించో మోసుకొచ్చారు." పటం మీద గొయ్యి అంచు వెంట వేలు పోనిచ్చి, ఉబ్బిన చోట ఆపారు. "మరి ఈ పక్క ఇలా ఎందుకు తవ్వారు?"

ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. తుంపరే జవాబు చెప్పింది.

"కాలు పట్టాలి కదా సార్. తిన్నగా తవ్వితే కాలు గోడకి తగులుతుంది. ఒరుసుకుపోతుంది." అత్త మాట గుర్తొచ్చి, అక్కడితో ఆపింది. ఆపి, చేయి చాపి, రాయి పక్కన నాలుగు వేళ్లు నిలబెట్టింది. "ఎత్తు నాలుగు వేళ్లు. ఎక్కువైతే తుంటి లాగుతుంది. తక్కువైతే మోకాలు సలుపుతుంది. చెక్కినవాళ్లకి అది తెలుసు సార్."

డైరెక్టరు గారు ఆమె మొహంలోకి చూశారు. ఎలా తెలుసని అడగలేదు. తన నాలుగు వేళ్లు రాయి పక్కన పెట్టి చూసుకున్నారు. లేచి, గోడకి ఆనించిన అట్టని తిరగేసి పెట్టి, బయటికి వెళ్లిపోయారు.

శుక్రవారం సాయంత్రం దాకా ఆమెని ఎవరూ పిలవలేదు. తొట్లు తోమింది. బ్రష్షులు ఆరబెట్టింది. తన కప్పు, తన తువ్వాలు సంచిలో సర్దుకుంది. అయిదింటికి మేడం వచ్చి ఒక కవరు చేతిలో పెట్టింది.

"రెండున్నాయి. చదువుకో."

మొదటిది మెమో. చీటీ ఉన్న వస్తువుని వాడినందుకు, పుస్తకంలో అబద్ధం రాసినందుకు, ఇంకోసారి జరిగితే ఏమవుతుందో వివరంగా, డైరెక్టరు గారి సంతకంతో. దానికి పిన్ను కొట్టి వెనక రెండోది. అదీ ఆయన సంతకమే. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆమె ఉద్యోగం ఖాయం.

తుంపర రెండుసార్లు చదివింది. రెండూ తన పేరు మీదే ఉన్నాయి.

"నీ కోసం నేను ఆయనతో గొడవ పెట్టుకున్నాననుకుంటున్నావా?" అంది మేడం. "లేదు. ఆయనే అన్నాడు. తప్పు ఎవరైనా చేస్తారట, బల్ల కిందికి వంగి బయటికి తీసేవాళ్లు దొరకరట. పళ్లు ఇకిలించకు. మెమో మెమోనే."

ఇంట్లో అత్త ముందు మెమోనే చదివించుకుంది, రెండుసార్లు. "బాగా రాశాడు. మాటల్లో పదునుంది" అంది. రెండో కాగితం విని సూది పక్కన పెట్టింది. తర్వాత, "రేపు నేనూ వస్తాను" అంది.

తుంపర, మొగుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అక్కడ జనం ఉంటారమ్మా," అన్నాడు కొడుకు.

"ఉంటే ఉంటారు. వ్యానులో బుట్టలు సర్ది చోటు చెయ్యి. ఆవిడ కాలు నేను చూడాలి."

శనివారం నిజంగానే జనం బాగా వచ్చారు. అత్త ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చంకకర్ర టకటకలాడించుకుంటూ హాలు మధ్యలోంచి నడిచింది. కొందరు ముందు కాలు చూశారు, ఆనక మొహం చూశారు. అత్త మూతి బిగించి నడిచింది. మూడో పెట్టె దగ్గర ఆగింది.

ఎముకలన్నీ గోతిలో ఉన్నట్టే పరిచి ఉన్నాయి. వంగిన కాలు రాయి మీద ఉంది. చార కనబడేలా రాయిని తిప్పి పెట్టారు. కొత్త అట్ట చిన్నది, తొందరగా అచ్చేయించింది. తుంపర చదివి వినిపించింది: "యాభై ఏళ్లు దాటిన స్త్రీ. పాతికేళ్ల పైన వంగిన మోకాలితో బతికింది, చేతులతో పనిచేసింది. ఆమె కాలికి సరిపడేలా గొయ్యి వెడల్పుగా తవ్వారు. మోకాలి కింద, కొలిచి చెక్కిన రాయి పెట్టారు."

అత్త అద్దానికి దగ్గరగా వంగింది. మేడం పక్కకి వచ్చి నిలబడిందని కూడా చూసుకోలేదు.

"ఒట్టి రాయి పెట్టి ఉండరు," అంది అత్త. "చల్లగా ఉంటుంది, గుచ్చుకుంటుంది. పైన బట్ట మడిచి వేసి ఉంటారు."

"బట్ట అన్నేళ్లు నిలవదండీ," అంది మేడం. అని రాయి వైపు వంగింది. "గుంట మూలల్లో కాస్త మట్టి మిగిలింది, బ్రష్షు అందనిచోట. బట్ట ఉండి ఉంటే దాని పోగు ఏదైనా అందులో... సోమవారం చూస్తాను."

"నేను మాత్రం కడగను," అంది తుంపర వెంటనే.

మేడం నవ్వేసింది. "బల్ల మళ్లీ ఊగుతోంది" అంది. అత్త సంచిలో చేయి పెట్టి, పాత గొడుగు పిడి కోసి నున్నగా చేసిన చెక్కముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "దీనికి చీటీ లేదు, వాడుకోండి" అంది. మేడం దాన్ని రెండు చేతులతో తీసుకుంది.

వెనక జనం తోసుకుంటున్నారు. కొడుకు వెళదామన్నట్టు చూశాడు. అత్త కదల్లేదు. ఒక చేయి చంకకర్ర మీద, ఇంకో చేయి అద్దం మీద ఆనించి, లోపల ఉన్నామె వైపు వంగి, ఇంకెవరికీ వినబడకూడదన్నంత మెల్లిగా అడిగింది.

"ఏమమ్మా, ఎత్తు సరిపోయిందా?"

తుంపర వైపు తిరిగి, "సరిపోయింది" అంది. అని కూర్చోవడానికి బల్ల ఎక్కడుందో చూడమంది.